నిండుచున్న భూకక్ష్యలు

2023వ సంవత్సరము జూలై 14వ తేదీ మధ్యాహ్నమున చంద్రయాన్-3ను గొనిపోవలసిన ఎల్‌వీఎం-3 రాకెట్టు, తొలుత నిర్ణయించిన సమయమునకు నాలుగు సెకనులు ఆలస్యముగా శ్రీహరికోటనుండి లేచినది. దానికి యంత్రలోపము కారణము కాదు, వాతావరణదోషమును కాదు. నౌక సంచరింపనున్న ఎత్తులలోనే అంతరిక్షశకలమొకటి దానికి మిక్కిలి చేరువగా రావచ్చునని గణనలో తేలుటచేత, శాస్త్రజ్ఞులు ఆ స్వల్పవ్యవధిని కావలెనని కల్పించుకొనిరి. అదే నెల 30వ తేదీన సింగపూరు ఉపగ్రహములను మోసికొనిపోయిన పీఎస్‌ఎల్‌వీ-సీ56 కూడ ఇట్టి కారణముననే ఒక నిమిషము నిలువవలసివచ్చెను. చంద్రునిదాక పోదలచినవారు భూమికి అతిసమీపమున నున్న పొరను దాటుటకు సెకనులు లెక్కపెట్టుకొనవలసిన అవస్థ ఎట్లు దాపురించినది, దానికి బాధ్యులెవరు, దానిని చక్కదిద్దు ఉపాయములెవ్వి, వానిలో మన దేశము చేసినదెంత, చేయవలసినదెంత అను ప్రశ్నలను ఒక్కచోట చేర్చి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విషయమునుగూర్చి మన పత్రికలలో వచ్చు వ్రాతలలో సంఖ్యలే తరచుగా కన్పట్టును: ఇన్ని వేల ఉపగ్రహములు, ఇన్ని లక్షల శకలములు అని. సంఖ్య ముఖ్యమే. కాని సంఖ్యకంటె ఎత్తు ముఖ్యమైనదని నా దృఢాభిప్రాయము. భూమికి 300 కిలోమీటర్ల ఎత్తున విడిచిన వస్తువు మనకండ్లయెదుటనే రాలిపోవును. 800 కిలోమీటర్ల ఎత్తున విడిచినది మన మునిమనుమలకు వారసత్వముగా సంక్రమించును. కక్ష్యలో ఎత్తనగా కాలమే. ఈ ఒక్క సంగతిని మనస్సున నిలుపుకొన్నయెడల, ఈ రద్దీలో ఏది నేటి తగవో, ఏది రాబోవు శతాబ్దముల ఋణమో వేరుపరచి చూడగలుగుదుము.

ఈ భేదము అంతరిక్షయుగపు తొలిరోజులలోనే వ్యక్తమైనది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియను ప్రయోగించిన స్పుత్నిక్‌తోపాటు దానిని మోసిన రాకెట్టు ప్రధానభాగము కూడ కక్ష్యలోనికి చేరినది. ఆనాడు నానాదేశముల జనులు సంధ్యాకాశమున కదలుచున్న చుక్కను చూచి స్పుత్నిక్ అని మురిసిపోయిరి గాని, వారు చూచినది చాలవరకు ఆ రాకెట్టు దేహమునే. అనగా మొదటి ఉపగ్రహమును మొదటి వ్యర్థమును ఒక్కనాడే పుట్టినవి. స్పుత్నిక్ కక్ష్య ఒకవైపున భూమికి రెండువందల కిలోమీటర్లకు కొంచెము పైగా దిగివచ్చుచుండుటచేత మూడునెలలకే అది గాలిరాపిడికి దగ్ధమైపోయినది. మరుసటి సంవత్సరము మార్చి 17న అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 కిలోన్నరకు మించని చిన్నగోళము. దాని కక్ష్య కనిష్ఠముగా 650 కిలోమీటర్ల ఎత్తున నుండుటచేత, 1964లో దాని మాట ఆగిపోయినను అది నేటికిని భూమిని చుట్టుచునే యున్నది. ఇంకను కొన్ని వందల సంవత్సరములు అట్లే తిరుగునని అంచనా.

కక్ష్యలో వస్తువులు పగిలి ముక్కలగుట 1961 జూన్ 29న మొదలైనది. ట్రాన్సిట్-4ఏ అను అమెరికా ఉపగ్రహమును చేర్చిన రాకెట్టు పైదశ, పని ముగిసిన కొలదిసేపటికే తనలో మిగిలిన ఇంధనమువలన ప్రేలి దాదాపు 300 ముక్కలైనది. అంతవరకు కక్ష్యలోనున్న మానవనిర్మితవస్తువులన్నిటిని కలిపినను ఆ సంఖ్యకు చాలవు. తరువాతి దశాబ్దములలో పుట్టిన శకలములలో పెద్దభాగము ఇట్టి ప్రేలుళ్లవలననే కలిగినది. ఇందులో మన పాలును కలదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోటనుండి టీఈఎస్ ఉపగ్రహమును మోసిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 రాకెట్టు నాలుగవదశ, ఉపగ్రహమును భద్రముగా విడిచిపెట్టిన రెండునెలలకు, డిసెంబరు 19న కక్ష్యలో ప్రేలి మూడువందలకు పైగా ముక్కలైనది. దానినుండి పాఠము నేర్చి, పని ముగిసిన పిమ్మట తొట్టెలలో మిగిలిన ఇంధనమును బయటికి వెడలగొట్టి రాకెట్టుదశను నిర్వీర్యము చేయుపద్ధతిని ఇస్రో అవలంబించినది. ఇది వినుటకు చిన్నపని. ఎల్లదేశములవారును మొదటినుండి చేసియుండినచో నేటి శకలరాశిలో చాలభాగము పుట్టియుండెడిదికాదు.

ఇక శకలము ఏల ప్రమాదకరమో చూతము. అంతరిక్షనౌకలెక్కువగా తిరుగు ఎత్తులలో వస్తువు కక్ష్యనుండి జారక నిలువవలెనన్న సెకనునకు ఇంచుమించు ఏడున్నర కిలోమీటర్ల వేగము ఉండితీరవలెను. రెండు వస్తువుల మార్గములు అడ్డముగా ఖండించుకొన్నపుడు వాని పరస్పరవేగము సెకనునకు పదికిలోమీటర్లను మించవచ్చును. అట్టి వేగమున ఒక కిలో బరువుగల లోహఖండములో నిక్షిప్తమైన శక్తి సుమారు పన్నెండు కిలోల టీఎన్‌టీ ప్రేలుడుశక్తికి సమానము. 1983లో ఛాలెంజర్ నౌక తిరిగివచ్చినపుడు దాని కిటికీ అద్దమున చిన్నగుంట కనబడినది. పరీక్షింపగా అది ఊడివచ్చిన రంగుపెచ్చు చేసిన పని అని తేలినది. 2025 నవంబరులో చీనా వ్యోమగాములు ముగ్గురు తమ షెన్‌జౌ-20 నౌకలో భూమికి మరలవలసియుండగా, దాని కిటికీలో సన్నని బీటలు కనబడుటయు, అతిసూక్ష్మమైన శకలము తాకియుండునని అనుమానము కలుగుటయు సంభవించి, ప్రయాణము తొమ్మిదిదినములు వాయిదాపడి, తుదకు వారు వేరొక నౌకలో దిగవలసివచ్చినది.

యూరోపియన్ అంతరిక్షసంస్థ 2025లో ప్రకటించిన అంచనాలనుబట్టి, భూమినుండి వెంటాడి గుర్తింపగలుగుచున్న వస్తువులు సుమారు 40,000. వానిలో పనిచేయుచున్న ఉపగ్రహములు 11,000 ప్రాంతము. సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్లవరకు పరిమాణముగల శకలములు 12 లక్షలు; అంతకంటె చిన్నవి, మిల్లీమీటరునకు మించినవి, పదికోట్లకు పైగా. ఈ మూడుతరగతులలో మధ్యదే మిక్కిలి దుష్టమైనది. పెద్దవానిని రాడారు చూచును గనుక ఉపగ్రహము తప్పుకొనవచ్చును. మిల్లీమీటరు రేణువులను కవచము కొంతవరకు ఆపును. నాలుగైదు సెంటీమీటర్ల ముక్క చాలవరకు రాడారునకు చిక్కదు, కవచమునకు లొంగదు, తగిలినచో ఉపగ్రహపు ప్రాణము తీయకమానదు.

వీనిని శుభ్రముచేయు చీపురు ప్రకృతిలో ఒక్కటే కలదు, అది గాలి. పైకి పోయినకొలది అత్యంతము పలుచనైపోవు ఆ గాలియే కక్ష్యావస్తువులను కొంచెము కొంచెముగా మందగింపజేసి క్రిందికి లాగుచుండును. 300 కిలోమీటర్ల ఎత్తున దాని పని వారములలో, నెలలలో ముగియును. 500 కిలోమీటర్లయొద్ద కొన్ని సంవత్సరములు పట్టును. 800 దాటినచో శతాబ్దమునకు పైమాట. 1,200 కిలోమీటర్లయొద్ద సహస్రాబ్దమును చాలకపోవచ్చును. సూర్యుడు ఉద్రేకించినపుడు వాయుమండలపు పైపొరలు వేడెక్కి ఉబ్బి ఈ లాగుడు పెరుగును. 2022 ఫిబ్రవరిలో ఒక్క భూఅయస్కాంతతుపానునకు, అప్పుడే ప్రయోగింపబడి ఇంకను తక్కువ ఎత్తుననే యున్న 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్టు ఉపగ్రహములలో సుమారు నలుబది నశించినవి. భూస్థిరకక్ష్యయైన 36,000 కిలోమీటర్ల ఎత్తున గాలి ప్రసక్తియే లేదు. అక్కడ ముసలివగు ఉపగ్రహములను మరి మూడువందల కిలోమీటర్లు పైకి నెట్టి మార్గమును ఖాళీచేయుట తప్ప వేరు గతిలేదు. ఆ పనియైనను చేయక మునుపే 2024 అక్టోబరులో ఇంటెల్‌శాట్-33ఈ అను పెద్ద ఉపగ్రహము ముక్కలైపోయినది.

శకలములు శకలములను కను స్థితి యొకటి రాగలదని 1978లో నాసా శాస్త్రజ్ఞులైన డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్-పాలే అనువారు గణితపూర్వకముగా హెచ్చరించిరి. ఒక ఎత్తున వస్తువులసాంద్రత ఒక మేరను దాటినపిమ్మట, రెండు ఢీకొనినచో వెలువడు ముక్కలు మరికొన్నిటిని ఢీకొట్టును, అవి మరికొన్నిటిని. అప్పుడు మానవుడు కొత్తగా ఏ ప్రయోగమును చేయకున్నను శకలసంఖ్య దానంతటది పెరుగుచుండును. ఇది చలనచిత్రములలో చూపునట్లు గంటలలో జరుగు ప్రళయము కాదు. దశాబ్దములమీద, శతాబ్దములమీద నడచు నిదానమైన క్షయము. నిదానమైనది గనుకనే ప్రభుత్వములకు దీనియెడ తొందర పుట్టుటలేదు.

ఆ హెచ్చరిక నిజమైన దినము 2009 ఫిబ్రవరి 10. సైబీరియా ఉత్తరమున తైమీర్ ద్వీపకల్పముపైన, 789 కిలోమీటర్ల ఎత్తున, పనిచేయుచున్న అమెరికా ఉపగ్రహము ఇరిడియం-33, ఎన్నో సంవత్సరములుగా నిర్జీవమై తిరుగుచున్న రష్యా ఉపగ్రహము కాస్మోస్-2251, సెకనునకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో ఢీకొన్నవి. ఆనాటి గణనలలో ఈ జంట చేరువకు వచ్చునని ముందే కనబడినది. కాని రెంటికిని నడుమ 584 మీటర్ల ఎడముండునని తేలెను. అంతకంటె చేరువగా పోవలసిన జంటలు ఆనాడే ఎన్నో కలవు గనుక దీనిని ఎవ్వరును ప్రత్యేకముగా గణింపలేదు. లెక్కలోని ఎడమునకును వాస్తవమునకును గల భేదము అరకిలోమీటరు. ఫలితము రెండువేలకు పైగా పెద్దముక్కలు. శకలములను వెంటాడి చూచుట ఎంత కచ్చితముగా ఉండవలెనో ఈ ఒక్క సంఘటన బోధించినంతగా ఏ నివేదికయు బోధింపలేదు.

ప్రమాదవశమున జరిగినదానికంటె బుద్ధిపూర్వకముగా చేసినది ఎక్కువ క్షోభ కలిగించును. 2007 జనవరి 11న చీనా తన పాత వాతావరణోపగ్రహమైన ఫెంగ్‌యున్-1సీని క్షిపణితో పగులగొట్టినది. ఎత్తు 860 కిలోమీటర్లకు పైన. గుర్తింపదగిన ముక్కలు మూడువేలకు పైగా. వానిలో పెద్దభాగము ఇన్నేండ్లకును అక్కడనే యున్నది. 2021 నవంబరు 15న రష్యా, 480 కిలోమీటర్ల ప్రాంతముననున్న తన కాస్మోస్-1408ను ఛేదించి 1,500కు పైగా ముక్కలుచేసినది. ఆనాడు అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున నున్న ఏడుగురును తమతమ నౌకలలోనికి పోయి తలదాచుకొనిరి. వారిలో ఇద్దరు రష్యనులే. నాలుగుదినములకు ముందే అచ్చటికి చేరిన రాజా చారి, హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయిన తండ్రికి పుట్టినవాడు, ఆ ఏడుగురిలో ఒకడు.

ఈ వరుసలో మన దేశపు పేరును కలదు. దానిని దాచుట సమీక్షకు తగదు. 2019 మార్చి 27న 'మిషన్ శక్తి' పేర మన రక్షణ పరిశోధనసంస్థ, రెండునెలలక్రితమే శ్రీహరికోటనుండి ప్రయోగించిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహమును ఒడిశాతీరమునుండి క్షిపణితో కూల్చినది. శకలములు త్వరగా రాలిపోవుటకై 280 కిలోమీటర్ల తక్కువ ఎత్తును ఎంచుకొనిరి. ఎత్తునుగూర్చిన వివేకము ఇందులో కలదని ఒప్పుకొనవలెను. కాని సంఘాతమున కొన్ని ముక్కలు చాల పైకి విసరివేయబడినవి. నలుబదియైదు దినములలో అన్నియు రాలిపోవునని చెప్పినను, కొన్ని ఏడాదికి మించి నిలిచినవి. ఇట్టి విధ్వంసకపరీక్షలను మానవలెనని 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ చేసిన తీర్మానమునకు 155 దేశములు అనుకూలముగాను, తొమ్మిది ప్రతికూలముగాను ఓటువేయగా, భారతదేశము తటస్థముగా నుండిపోయినది. చేయగలమని ఒకమారు నిరూపించినవారికి ఇక చేయమని చెప్పుట కష్టముకాకూడదు. అనుకూలముగా ఓటు వేసియుండవలసినదని నేను నమ్ముచున్నాను.

ఇంతవరకు చెప్పినది నిన్నటి కథ. నేటి రద్దీ వేరుజాతిది. 2019 మే నెలలో స్పేస్‌ఎక్స్ అను అమెరికా సంస్థ అరువది స్టార్‌లింక్ ఉపగ్రహములను ఒక్కమారు పంపి మొదలుపెట్టిన ఇంటర్నెట్టు ఉపగ్రహజాలము, ఆరేండ్లలో ఎనిమిదివేలు దాటినది. భూమిచుట్టు పనిచేయుచున్న ఉపగ్రహములలో సగమునకు మించి ఆ ఒక్క సంస్థవే. అమెజాన్ మూడువేలకు పైగా పంప సంకల్పించినది. చీనా పదివేలకు మించిన జాలములను ప్రారంభించినది. స్టార్‌లింక్ ఉపగ్రహములు 2024 మే నెలాఖరుతో ముగిసిన ఆరునెలలలో, ఢీకొను ప్రమాదమును తప్పించుకొనుటకై దాదాపు 50,000 పర్యాయములు తమ మార్గమును మార్చుకొన్నవి. ఆ తప్పుకొనుట యంత్రములు స్వయముగా చేయుచున్నవి. ఇంతవరకు బాగుగనే చేయుచున్నవి. అయినను వేరువేరు యజమానుల ఉపగ్రహములు ఎదురుపడినపుడు ఎవరు తప్పుకొనవలెనను నియమము ప్రపంచమున ఎక్కడను వ్రాయబడియుండలేదు. 2019 సెప్టెంబరు 2న యూరపు వారి ఏయోలస్ ఉపగ్రహమును ఒక స్టార్‌లింక్ ఉపగ్రహమునకు అడ్డురాకుండ పైకి లేపవలసివచ్చినపుడు, ఉభయపక్షములును ఈమెయిళ్ల మూలమున సంప్రతించుకొనుచుండిరి. ప్రమాదసంభావ్యత పెరిగినదను తుదివార్త, యంత్రదోషముచేత, ఎదుటిపక్షమున చూడవలసినవారికి అందనేలేదు. నౌకలకు సముద్రమున, విమానములకు ఆకాశమున నియమములు కలవు. కక్ష్యలో నేటికిని మర్యాదయే గాని చట్టము లేదు.

ఇక్కడ నేను ముందుచెప్పిన ఎత్తును మరల స్మరింపవలసియున్నది. స్టార్‌లింక్ వేలకువేలు 550 కిలోమీటర్ల ప్రాంతమున తిరుగుచున్నవి గనుక, చచ్చినవి ఆలన లేకున్నను కొన్ని సంవత్సరములలో రాలిపోవును. వన్‌వెబ్ అను మరియొక ఇంటర్నెట్టుజాలపు ఉపగ్రహములు సంఖ్యలో ఆరువందలకు కొంచెము పైన మాత్రమే. వానిలో డెబ్బదిరెంటిని 2022 అక్టోబరులోను 2023 మార్చిలోను మన ఎల్‌వీఎం-3 రాకెట్టులే శ్రీహరికోటనుండి పైకి చేర్చినవి. కాని వాని పని 1,200 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ ఒక్కటి దారితప్పి మూగవోయినను దానిని దింపు గాలి లేదు. 2024 ఆగస్టులో చీనావారి ఇంటర్నెట్టుజాలములో మొదటి పదునెనిమిదింటిని చేర్చిన లాంగ్‌మార్చ్-6ఏ రాకెట్టు పైదశ 800 కిలోమీటర్ల ప్రాంతమున బద్దలై మూడువందలకు మించిన ముక్కలైనది; పదునెనిమిది ఉపగ్రహముల లాభమునకు అన్ని శకలముల నష్టము, అదియు శతాబ్దకాలము నిలుచు ఎత్తున. కన్నులకు కనబడు మందను చూచి భయపడువారు ఈ పైయంతస్తును మరచిపోవుచున్నారు.

అట్లని క్రిందియంతస్తు నిర్దోషమైనదని కాదు. అక్కడి దోషము వేరు, అది న్యాయమునకు సంబంధించినది. కక్ష్య ఎవరిసొత్తును కాదని 1967నాటి అంతరిక్షసంధి ఘోషించినది. కాని ఎవరిసొత్తును కానిది ముందువచ్చినవానిదగుట లోకానుభవము. కాలువ మొదటనున్న రైతు మడికట్టుకు నీరు తోడుకొనుచుండగా చివరి ఆయకట్టువాడు ఎండినచేను చూచుచు నిలుచున్నట్లు, ఇంకను ఒక్క ఉపగ్రహమునైనను పంపలేని దేశములవారు తమవంతు వచ్చుసరికి మంచి కక్ష్యలును మంచి రేడియోతరంగములును నిండిపోయియుండుట చూడబోవుచున్నారు. పైగా అయిదేండ్ల ఆయుర్దాయముగల వేలకొలది ఉపగ్రహములు నిత్యము రాలుచుండుట వాయుమండలమునకు కొత్తభారము. 2023లో అమెరికా శాస్త్రజ్ఞులు ఊర్ధ్వవాయుమండలమునుండి తెచ్చిన గంధకామ్లకణములను పరీక్షింపగా, పదింట ఒకదానిలో దగ్ధమైన అంతరిక్షనౌకల అల్యూమినియము మొదలగు లోహములు కనబడినవి. దానివలన ఓజోనుపొరకు ఏమగునో తెలిసికొనకముందే రాలుట అనేకరెట్లు కానున్నది. ఖగోళశాస్త్రజ్ఞుల బాధ మరియొకటి: చిలీలోని వేరా రూబిన్ వేధశాలవంటివి తీయు విశాలచిత్రములలో సంధ్యలందు ఉపగ్రహముల చారలు పడుచున్నవి.

రాలువానిలో అన్నియు గాలిలో భస్మము కావు. 1979 జూలై 11న స్కైలాబ్ కూలినపుడు మన తెలుగుపల్లెలలో వ్యాపించిన భయము పెద్దలకింకను జ్ఞాపకమున్నది. ఎక్కడ పడునో తెలియక, ఉన్నది తిని పోవుదమని కోళ్లను మేకలను కోసికొన్నవారు కలరు. 2021లో ఆ పేరుతోనే తెలుగుచలనచిత్రము కూడ వచ్చినది. తుదకు అది హిందూమహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ పట్టణపరిసరములందును పడినది. అదే పశ్చిమ ఆస్ట్రేలియాతీరమున గ్రీన్‌హెడ్ యొద్ద 2023 జూలైలో ఒక పెద్ద రాగిరంగు స్థూపము ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. అది పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు మూడవదశ అవశేషమని ఆ దేశపు అంతరిక్షసంస్థ తేల్చినది. 2024 మార్చి 8న అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమున నేపుల్స్ పట్టణమున ఒక యింటి కప్పును, రెండంతస్తులను చీల్చుకొని పడిన ముప్పాతికకిలో లోహపుముక్క అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునుండి పారవేసిన బ్యాటరీల చట్రములోనిది. మనుష్యులకు హాని జరుగలేదు; వస్తువులు రాలుట పెరిగినకొలది ఈ అదృష్టముపై ఆధారపడుట బుద్ధిమంతులు చేయు పని కాదు.

ఇక చట్టము విషయము. 1972నాటి బాధ్యతాసంధి ప్రకారము, ఏ దేశపు వస్తువైన భూమిపైబడి నష్టము కలిగించినచో ఆ దేశము తప్పున్నను లేకున్నను పరిహారము చెల్లింపవలెను. కక్ష్యలోనే నష్టము జరిగినచో తప్పు నిరూపింపవలెను. 1978 జనవరిలో అణురియాక్టరుగల కాస్మోస్-954 కెనడా మంచునేలపై కూలినపుడు ఆ దేశము అరువదిలక్షల డాలర్లు కోరగా, సోవియట్ యూనియను ముప్పదిలక్షలు చెల్లించినది. ఇదికాక 1967 సంధిలోనే మరియొక చిక్కు కలదు. కక్ష్యలోనికి పంపిన వస్తువుపై పంపిన దేశమునకు స్వామ్యము ఎన్నటికిని పోదు. అది పగిలినను, చచ్చినను పోదు. సముద్రమున మునిగిన ఓడను రక్షించువారికి హక్కులు కలవు; కక్ష్యలోని రష్యా శకలమును రష్యా అనుమతిలేక అమెరికా తాకరాదు, చీనా శకలమును చీనా ఒప్పుకోలు లేక మనము తాకరాదు. శుభ్రముచేయుదమని ముందుకువచ్చువానికి చేతులు కట్టివేయు నియమమిది.

పని ముగిసినపిమ్మట ఇరువదియైదేండ్లలో దింపవలెనని చాలకాలము ఒక మార్గదర్శకము కలదు. అది సలహా మాత్రమే. 2022 సెప్టెంబరులో అమెరికా ప్రసారనియంత్రణసంఘము తన అనుమతి పొందువారికి ఆ గడువును అయిదేండ్లకు కుదించి, మరుసటి సంవత్సరము తన పాత ఉపగ్రహమును చెప్పినంత ఎత్తునకు తొలగింపని డిష్ సంస్థకు లక్షయేబదివేల డాలర్ల జరిమానా విధించినది. జరిమానా ఆ సంస్థకు లెక్కలోనిది కాదు. అయినను కక్ష్యలో చెత్త వేసినందుకు దండన అనునది లోకమునకు అదియే మొదటిది. కక్ష్య వాడుకొన్నందుకు ఏటేట రుసుము వసూలుచేయవలెనని 2020లో కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. వారి లెక్కలో 2040నాటికి అది ఉపగ్రహమునకు సంవత్సరమునకు 2,35,000 డాలర్లవరకు పెరుగవలెను. ఈ ప్రతిపాదన నాకు సమ్మతమే, ఒక సవరణతో. రుసుము ఎత్తునుబట్టి పెరుగవలెను. తనంత తాను రాలిపోవు ఎత్తున తిరుగువానికి స్వల్పము, శతాబ్దములు నిలుచు ఎత్తున తిరుగువానికి అనేకరెట్లు. దించినవానికి ఆ ధనము తిరిగి ఈయవలెను.

పాతవానిని తొలగించు యత్నములు ఇప్పుడిప్పుడే మొలకెత్తుచున్నవి. జపాను సంస్థ ఆస్ట్రోస్కేల్ పంపిన ఆడ్రస్-జె అను చిన్ననౌక 2024లో, పదునైదేండ్లుగా నిర్జీవముగా తిరుగుచున్న హెచ్-2ఏ రాకెట్టుదశకు పదునైదు మీటర్ల దూరమువరకు పోయి, దానిచుట్టు తిరిగి ఛాయాచిత్రములు తీసినది. అడుగుల దూరమునకు చేరుటయే ఘనకార్యమైనపుడు, పట్టి దించుట ఎంతటి పనియో ఊహింపవచ్చును. ఏమి దింపవలెనో మాత్రము స్పష్టముగనే తెలిసినది. పలుదేశముల నిపుణులు మిక్కిలి ప్రమాదకరమైన యేబది నిర్జీవవస్తువుల జాబితా కూర్చగా, మొదటి ఇరువది స్థానములును సోవియట్, రష్యా జెనిట్ రాకెట్టుల దశలకే దక్కినవి: ఒక్కొక్కటి దాదాపు తొమ్మిది టన్నులు, ఎత్తు 840 కిలోమీటర్ల ప్రాంతము. అట్టివి రెండు ఢీకొన్నచో పుట్టు శకలములు ఇరిడియం సంఘాతమును మరపించును. యూరపు వారి ఎనిమిది టన్నుల ఎన్విశాట్ 2012లో మూగవోయి 770 కిలోమీటర్లయొద్ద ఇట్లే తిరుగుచున్నది.

మన దేశము ఈ విషయమున చేసినది తక్కువ కాదు. శకలములను చూచుటకు శ్రీహరికోటలో ఒక్కమారు పలువస్తువులను వెంటాడగల రాడారును, బెంగళూరులో 2022లో ప్రారంభించిన ప్రత్యేకకేంద్రమును కలవు. 2023లో ఇస్రో తన ఉపగ్రహములను ఇరువదిమూడు పర్యాయములు ప్రమాదమునుండి తప్పించినది. అన్నిటికంటె నన్ను ఆకర్షించినది మేఘాట్రోపిక్స్ కథ. ఫ్రాన్సుతో కలిసి ఋతుపవనములను, ఉష్ణమండల వాతావరణమును పరిశీలించుటకు 2011 అక్టోబరు 12న పంపిన ఈ టన్ను బరువుగల ఉపగ్రహము, మూడేండ్లకై నిర్మింపబడినను పదేండ్లు సేవచేసినది. అది 867 కిలోమీటర్ల ఎత్తున నుండుటచేత, విడిచిపెట్టినచో నూరేండ్లకు పైగా తిరిగియుండెడిది. దానిని దించుటకు అనువుగా నిర్మింపలేదు. అయినను తొట్టెలో 120 కిలోల ఇంధనము మిగిలియున్నదని గమనించి, 2022 ఆగస్టునుండి అంచెలంచెలుగా క్రిందికి జార్చి, 2023 మార్చి 7న ఇరువదేసి నిమిషముల జ్వలనములు రెండు చేయించి, నిర్మానుష్యమైన పసిఫిక్ మహాసముద్రముపైన గాలిలో దగ్ధము గావించిరి. ఎవ్వరును అడుగకుండ, ఏ చట్టమును ఆజ్ఞాపింపకుండ చేసిన పని ఇది. మరుసటి యేడు కార్టోశాట్-2ను, పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగవదశను కూడ ఇట్లే దించిరి. 2030నాటికి భారతీయ ప్రయోగములన్నియు, ప్రభుత్వమువైనను ప్రైవేటువైనను, శకలరహితముగా నుండవలెనని 2024లో సంకల్పము ప్రకటించిరి. హైదరాబాదులో స్కైరూట్, ధ్రువవంటి సంస్థలు రాకెట్టులను ఉపగ్రహములను నిర్మించు కాలమున, 'ప్రైవేటువైనను' అను మాట మిక్కిలి అవసరమైనది.

ఉపగ్రహములు మనకు విలాసవస్తువులు కావని తెలుగుతీరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి పదివేలకు పైగా ప్రాణములను బలిగొన్ననాటికి తుపానును పైనుండి నిరంతరము కాచి చూచు స్వదేశోపగ్రహము మనకు లేదు. ఇన్‌శాట్ శ్రేణి తరువాతి దశాబ్దమున వచ్చినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణమును ధ్వంసము చేసినపుడు, దాని రాక దినములముందే తెలిసియుండుటచేత, లక్షలజనులను ముందుగనే తరలింపగలిగిరి. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగసిన నైసార్ నేలకదలికలను, హిమానీనదములను సెంటీమీటర్లలెక్కన కొలుచుటకు 740 కిలోమీటర్ల ప్రాంతమున తిరుగుచున్నది. శకలములు మిక్కిలి దట్టమైన పొరకు అది దూరముకాదు.

2030 సంకల్పము రాబోవు ప్రయోగములకు సంబంధించినది. పాత ఋణము అట్లే యున్నది. 1988 మార్చి 17న బైకనూరునుండి సోవియట్ రాకెట్టుపై ఎగసిన ఐఆర్ఎస్-1ఏ, నిత్యసేవకై పంపిన మన మొదటి భూపరిశీలనోపగ్రహము, టన్నుకు కొంచెము తక్కువ బరువుతో 900 కిలోమీటర్ల ఎత్తున ఏనాడో నిర్జీవమై శతాబ్దములు తిరుగనున్నది. అది మనసొత్తు; దానిని ముట్టుటకు పరదేశపు అనుమతి అక్కరలేదు. 2025 జనవరి 16న స్పేడెక్స్ ప్రయోగమున 220 కిలోలేసి బరువుగల రెండు ఉపగ్రహములను కక్ష్యలో ఒకదానితోనొకటి కలిపి డాకింగు విద్యను మనవారు సాధించిరి. ఎదుటిది సహకరించినపుడు కలిసికొనుటకును, సహకరింపక గిరగిర తిరుగుచున్నపుడు పట్టుకొనుటకును మధ్య దూరము చాల గొప్పది; ఖర్చును చాల గొప్పది. అయినను స్పేడెక్స్ తరువాతి మెట్టుగా ఐఆర్ఎస్-1ఏను దించు పనిని, గగన్‌యాన్‌తో సమానమైన జాతీయకార్యముగా, తేదీతోను బడ్జెటుతోను ఇస్రో ప్రకటింపవలెనని నా ప్రతిపాదన.